తెల్లోడి పక్క

మా జిల్లాలో లారీ తోలడానికి సర్కారు కాగితం తెచ్చుకున్న మొట్టమొదటి మనిషిని నేనే.

మొట్టమొదటి అంటే, మొదటి నలుగురిలో ఒకణ్ణి. సరే, మొదటి ఇరవైమందిలో అనుకోండి. మా ఊళ్ళో మాత్రం మొదటివాణ్ణే. పోటీకి వచ్చినవాడు లేడు, ఎందుకంటే మా ఊళ్ళో తక్కినవాళ్ళందరికీ బుద్ధి ఉంది.

మాది కోవిల్‌పట్టి నుంచి పుదూరు పోయే పక్క, వాన పడితే పత్తీ పడకపోతే వేదాంతమూ పండే నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పశువులు గడప లోపలి లెక్క కాబట్టి వాటితో తెలుగే. మా ఎద్దులకు తమిళం ఒక్క ముక్క రాదు. ఆ విషయంలో అవీ మా అవ్వా ఒకటే.

ఎద్దులు రెండు జతలు. ఒకటి దుక్కికి, ఒకటి బండికి. బండి జతలో దాపల కట్టేది తెల్లోడు, వలపల కట్టేది కర్రోడు. చదువుకున్నవాళ్ళ కోసం చెబుతున్నాను, దాపల అంటే ఎడమ, వలపల అంటే కుడి, కర్రోడంటే నల్లోడు. మా నాయన ఆ జతను కట్టి, కోవిల్‌పట్టి జిన్నింగు ఫ్యాక్టరీలో పత్తి బేళ్ళు ఎత్తుకుని విరుదునగరం పేటకు తోలేవాడు. ఆ ఊరికి ఆ పేరు పెట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. మా నాయన నోట చివరిదాకా విరుదుపట్టే. "పేరు మారిస్తే దూరం తగ్గిందా?" అనేవాడు.

దూరం తగ్గించడానికి లారీ వచ్చింది. ఫ్యాక్టరీ ముదలాళి, అంటే యజమాని, మద్రాసు నుంచి తెప్పించాడు. బండ్లు పగలూ రాత్రీ నడిచే దారిని ఇది ఒక పూటలో పోతుందన్నారు. పోయేది కూడా, తోయడానికి దారిలో మనుషులు దొరికిన రోజున. మొదటి నెల బండివాళ్ళందరూ దాన్ని చూసి నవ్వారు. రెండో నెల బేళ్ళు అడగడానికి పోతే గుమాస్తా వాళ్ళను చూసి నవ్వాడు.

బండికి బాడుగ లేకపోతే బండి జతకు మేత ఎక్కడిది? ఒకరోజు పశువుల దళారి మా కొట్టంలోకి వచ్చి తెల్లోడి పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు, నాయన చేతి మీద తుండుగుడ్డ కప్పి కింద వేళ్ళు పట్టుకున్నాడు. బేరం అట్లాగే, నోట మాట ఉండదు. ముసలి ఎద్దుల్ని ఆ మనిషి ఎవరికి అమ్ముతాడో, వాళ్ళు కొండలు దాటించి ఏ దేశానికి తోలుతారో, అక్కడ వాటిని ఏం చేస్తారో మా అందరికీ తెలుసు. నాయన గుడ్డ కింద నుంచి చెయ్యి లాగేసుకున్నాడు. ఆ సాయంత్రమే ముదలాళి దగ్గరికి పోయి వచ్చాడు.

"ఒరే, ముదలాళి రెండో లారీ తెప్పిస్తాడంట. దాన్ని తోలేదానికి మనిషి కావాలంట. నువ్వు పోయి నేర్చుకో. నీకు ఆ సర్కారు కాగితం వస్తే తెల్లోడూ కర్రోడూ మన కొట్టంలోనే ముసలోళ్ళవుతారు. రాకపోతే దళారికి చెయ్యిస్తా."

"నేనా? నాకు లారీ ఏం తెలుసు నాయనా?"

"ఎద్దుల్ని తోలినోడివి. దానికి తోకైనా లేదు, తిప్పుకునేదానికి. అదేం కష్టం?"

ఇప్పటి కుర్రాళ్ళు లారీ లైసెన్సుకు ఏం కావాలని నన్ను అడుగుతుంటారు. ఆ కాలంలో ముందు క్లీనరు ఉద్యోగం కావాలి. క్లీనరంటే తుడిచేవాడని ఇంగ్లీషు వచ్చినవాళ్ళు అనుకుంటారు. పొద్దున్నే లారీ ముక్కులో ఇనుప హాండిలు పెట్టి తిప్పి దాన్ని నిద్రలేపేవాడు క్లీనరు. అది లేవడానికి ఇష్టం లేకపోతే హాండిల్ని వెనక్కి కొట్టి మణికట్టు విరుస్తుంది. దానికి గంటగంటకూ నీళ్ళు తాపించాలి, తనకు దొరక్కపోయినా సరే. దిగుడు వచ్చినచోట దిగి చక్రం కింద రాయి పెట్టాలి, ఎగుడు వచ్చినచోట దిగి తొయ్యాలి. సమమైన రోడ్డు వచ్చినచోట బేళ్ళ మీద కూర్చుని దేశం చూడవచ్చు. సమమైన రోడ్డు సాత్తూరు ఏటి దగ్గర ఒక బారెడు ఉండేది.

నాకు చదువు చెప్పిన గురువు డ్రైవరన్న. విరుదునగరం మనిషి. మెడకు ఎర్ర రుమాలు, నోట్లో వక్క, నడుములో ఎప్పుడూ ఒక స్పానరు. తెలుగు ఒక్క మాట రాదు. ఇక్కడ అతను మాట్లాడే తెలుగు నాది, తిట్లు మాత్రం అతనివే. నేను స్టీరింగు పట్టిన మొదటిరోజే "తంబీ, నువ్వు పుట్టుకతో డ్రైవరువి" అన్నాడు.

అనలేదు. "డేయ్, నువ్వు పుట్టుకతో గోడవి" అన్నాడు. అప్పటికి ఒక గోడ పడిపోయి ఉంది.

గేర్లు వచ్చాయి. క్లచ్చు వచ్చింది. బురదలో చక్రం దిగబడితే చొప్ప వేసి లేపడం నాకు వచ్చినంత బాగా డ్రైవరన్నకే రాదు, రేగడి బురద మాకు చుట్టం. రానిది ఒక్కటే. అతను "ఇడదు!" అని అరిస్తే, అది తమిళంలో ఎడమ అని నాకు తెలుసు. తెలుసుగానీ చేతులకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎడమా కుడీ అనేవాళ్ళు కాదు. తెల్లోడి పక్క, కర్రోడి పక్క అనేవాళ్ళు. గాదె ఎక్కడుంది అంటే కొట్టంలోకి పోయి తెల్లోడి పక్క అనేవాళ్ళు. మా అవ్వకు కాలు నొప్పి పుడితే ఏ కాలని అడిగిన వైద్యుడికి "కర్రోడి పక్కది" అని చెప్పింది. అందుకని డ్రైవరన్న "ఇడదు" అంటే, అది నా బుర్రలోకి పోయి, దాపల అయి, తెల్లోడై, తెల్లోడు కళ్ళముందు నిలబడి తోక ఆడించి, అప్పుడు చేతికి కబురు వచ్చేది. ఆ లోపల లారీ ఎవరి చేలోనో ఉండేది.

"తినే చెయ్యి ఏది? అది వలదు. కడుక్కునే చెయ్యి ఏది? అది ఇడదు. ఇంతేగదరా మడయా!" అన్నాడు డ్రైవరన్న.

అదీ చేసి చూశాను. తినే చేతిని తలుచుకోగానే ఆకలి వేసేది.

చివరికి దారి దొరికింది. నేనే కనిపెట్టాను. లారీలో డ్రైవరు కూర్చునేది కుడిపక్క. అంటే కర్రోడి చోటు. నేనూ రంగులో కర్రోడికి అన్ననే, తమ్ముణ్ణి కాను. ఇక పరీక్ష పెట్టేది ఎవరు? పోలీసు దొర. ఆయన ఎక్కడ కూర్చుంటాడు? నా ఎడమపక్క. రంగు? ఇక చెప్పాలా! దాపల తెల్లోడు, వలపల కర్రోడు, ఒకే కాడి కింద. ఇంగ్లీషువాళ్ళు మా కొట్టం చూసి వచ్చి ఆ పరీక్ష తయారు చేసినట్టే ఉంది. దొరను తెల్లోడనుకుంటే చాలు, ఇక నాకు అడ్డం లేదు.

పరీక్ష విరుదునగరంలో. దొర నెలకొకసారి వచ్చేవాడు. ఆయన ఇంగ్లీషులో చెబుతాడు, పక్కనే ఉన్న హెడ్డు కానిస్టేబులు, మా పక్క ఏట్టయ్య అంటారు, దాన్ని తమిళంలో అరుస్తాడు, నేను తెలుగులో అర్థం చేసుకుంటాను, లారీ ఏ భాషా వినదు.

ముందు నోటి పరీక్ష. ఎదురుగా గుర్రం వస్తూ బెదిరితే ఏం చెయ్యాలి? లారీ ఆపి ఇంజను కూడా ఆపాలి. మనిషి బెదిరితే? దానికి రూలు లేదు. మనుషులు అప్పట్లో దొరల దగ్గర ఉండేవాళ్ళు కాదు, గుర్రాలుండేవి.

తర్వాత దొర ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. వెనక బేళ్ళ చోట ఏట్టయ్య నిలబడి నా తలమీద నుంచి అరవడం మొదలుపెట్టాడు. "ఇడదు!" దొర వైపు తిప్పాను. "వలదు!" నా వైపు తిప్పాను. నూనె గానుగల వీధి, పప్పు మిల్లుల వీధి, స్టేషను రోడ్డు, ఎక్కడా తప్పు లేదు. అంత బాగా నా జీవితంలో మళ్ళీ ఎప్పుడూ తోలలేదు. దొర ఒకసారి ఏట్టయ్య వైపు తిరిగి ఏదో అన్నాడు. ఏట్టయ్య ముఖం చూస్తే మెచ్చుకున్నట్టే ఉంది. అప్పుడే నాకు కొట్టంలో ఆ ఇద్దరూ నెమరు వేస్తూ ముసలివాళ్ళవడం కనబడింది.

చివర మిగిలింది ఒక్కటే. మిరపకాయల మండీ ముందు మైదానంలో లారీని తిప్పి ఆపి చూపించాలి. అది చూడడానికి దొర దిగాడు. దిగి, రోడ్డు దాటి, కుడిపక్కన ఎండబోసిన మిరపకాయల చాపల ముందు నిలబడ్డాడు.

"ఇడదు పక్కం తిరుప్పు!" అన్నాడు ఏట్టయ్య.

ఇడదు, దాపల, తెల్లోడు. తెల్లోడెక్కడ? అదిగో. తిప్పాను.

నేను నేరుగా తన మీదికే వస్తున్నానని దొరకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అట్లా వచ్చే మనిషిని ఆయన ఈ దేశంలో చూసి ఉండడు. టోపీ ఒక పక్కకు, ఆయన ఒక పక్కకు. ఆయన పడిన పక్క మిరపకాయలు. లారీ ఆయన బూట్లకు జానెడు దూరంలో ఆగింది. నా బ్రేకు పనితనం గురించి నేను చాలామందికి చెప్పాను. ఇప్పుడు చెబుతున్నాను, బ్రేకు మీద నా కాలు లేనే లేదు. గేరులో ఉండగా కంగారులో క్లచ్చు వదిలేస్తే ఇంజను చచ్చి ఆగింది.

తెల్లదొర ఎర్రదొరయ్యాడు. లేవబోతూ కళ్ళు తుడుచుకున్నాడు, మిరపకాయల్లో పడ్డ చేతులతో. ఆ తర్వాత ఆయన ఏ భాషలో అరిచాడో ఏట్టయ్య కూడా తమిళం చెయ్యలేకపోయాడు. మండీ కూలీలందరూ పని ఆపి చూశారు. ఎవరికీ నవ్వు రాలేదు. అందరూ ఒకేసారి దగ్గారు, అంతే.

"డేయ్, దొరనే గుద్దబోయావేంరా? కాంగ్రెసోడివా?" అన్నాడు ఏట్టయ్య నా చొక్కా పట్టుకుని.

ఏం చెప్పను? తెల్లోడి పక్కకు తిప్పమన్నారు, తిప్పాను అని తమిళంలో చెబితే నేరుగా పాళయంకోట జైలే. నోరు మూసుకున్నాను. స్వతంత్రం వచ్చాక ఈ సంగతిని కొంచెం మార్చి, తెల్లదొర మీదికి లారీ తోలిన వీరుణ్ణని చాలా చోట్ల చెప్పుకున్నాను. ఒక సభలో దండ కూడా వేశారు. నాకు ఎడమ ఏదో తెలియదన్న మాట అక్కడ చెప్పడానికి సందర్భం రాలేదు.

ఏట్టయ్య మంచివాడు. పల్లెటూరివాడు, బెదిరిపోయాడు అని దొరకు చెప్పి, వచ్చే నెల మళ్ళీ రమ్మని నన్ను తరిమేశాడు.

ఇంటికి పోయేసరికి దళారి మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు, తుండుగుడ్డ భుజం మీద సిద్ధంగా. నాయన నా ముఖం చూశాడు.

"ఏమైందిరా?"

"పాసయ్యాను నాయనా. దొర చాలా మెచ్చుకున్నాడు. కాగితం వచ్చే నెల ఇస్తారంట."

నాయన దళారితో "వచ్చే నెల రాప్పా, కాగితం చూసినాక మాట్లాడదాం" అన్నాడు. దళారి తుండుగుడ్డ మడిచి చంకలో పెట్టుకుని లేచాడు.

ఆ నెలంతా నాకు లారీ మీద ధ్యాస లేదు, దొర మీదే. ఈసారి ఆయన నా పక్కన కూర్చోడని ఎవరైనా చెప్పగలరు. ఎక్కడ నిలబడతాడో మాత్రం ఎవరూ చెప్పలేరు. తెల్లోడంటే కాడి కింద నుంచి కదలడు. దొరలకు ఆ క్రమశిక్షణ లేదు.

పరీక్షరోజు ఇంకా తెల్లవారకముందే లేచి కొట్టం ముందు నుంచి పోతుంటే నాయన లోపల ఉన్నాడు. తెల్లోడి మెడలో గంటల పట్టెడ విప్పుతున్నాడు.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఎద్దును అమ్మితే ఎద్దునే ఇస్తారు. పలుపు, గంటలు ఇవ్వరు. అవి కూడా పోతే ఇంటి లక్ష్మి వాటి వెంట పోతుందని. అందుకని ఎద్దు మెడలో గంటలు విప్పడం మా కొట్టంలో ఎప్పుడూ ఒక్క పనికే జరిగేది.

"నాయనా, ఎందుకు విప్పుతున్నావు?"

"నీకెందుకురా." పట్టెడను చేత్తో తుడిచి నాకిచ్చాడు. "ఇది పట్టుకుపో. ఆ లారీకి దాపల కట్టు. తెల్లోడు ఎక్కడున్నాడని నువ్వు ఎతకపన్లేదు, వాడే చెబుతాడు." మళ్ళీ తెల్లోడి వైపు తిరిగి, "సరే గానీ, విరుదుపట్టిలో మిరపకాయలు ఏం ధర పలుకుతున్నాయి?" అన్నాడు.

నెల్లాళ్ళుగా ఆయనకు తెలుసు. తెలియకుండా ఎట్లా ఉంటుంది? మిరపకాయలు విరుదునగరం నుంచి బండ్ల మీదే కదా మా పక్కకు వచ్చేది. లారీ కంటే బండి నెమ్మదిగా నడుస్తుంది గానీ, బండి మీద వచ్చే కబురు నెమ్మదిగా నడవదు.

ఎద్దును అమ్మేశావా అని అడగాలి. అబద్ధం చెప్పి ఆ బేరాన్ని నెల ఆపినవాణ్ణి నేనే. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం. పట్టెడను చంకలో పెట్టుకుని కోవిల్‌పట్టి దారి పట్టాను. నడిచినంత దూరం అది చంకలో మోగుతూనే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లోడు వస్తున్నట్టే ఉండేది. చూడలేదు అని చెప్పాలని ఉంది. రెండుసార్లు చూశాను.

డ్రైవరన్న లారీ ఎడమ తలుపు కమ్మికి పట్టెడ కట్టడం చూసి తల పట్టుకున్నాడు. "పూజ కూడా చేస్తావా? కొమ్ములకు రంగు వేద్దామా?" అన్నాడు. కట్టనిచ్చాడు మాత్రం.

విరుదునగరంలో దొర గంటలను వేలితో చూపించి ఏదో అడిగాడు. "హారను, దొరగారూ. రబ్బరు హారను చెడిపోతే ఉంటుందని" అని ఏట్టయ్య తన బుర్రలోంచి తీసి చెప్పాడు. దొర తల ఊపాడు. రెండు హారన్లున్న బండి అంతకుముందు ఆయనకు తగిలినట్టు లేదు.

ఈసారి దొర లారీ ఎక్కలేదు. మండీ గోడ వెనక నిలబడి తల ఒక్కటే బయట పెట్టాడు. ఏట్టయ్యను కూడా గోడ పక్కనే ఉంచుకున్నాడు. నేను కళ్ళు రోడ్డు మీద పెట్టి చెవులు గంటల మీద పెట్టాను. "ఇడదు!" గంటలు మోగిన దిక్కుకు తిప్పాను. "వలదు!" మోగని దిక్కుకు తిప్పాను. దాపల నుంచి తెల్లోడు నడుస్తున్నాడు, వాడి పక్కన నేను నడుస్తున్నాను. వాడు అప్పటికి ఏ కొండ దారిలో ఉన్నాడో అనుకుంటూనే చివరి మలుపు తిప్పాను. కన్ను చెమర్చింది. మిరపకాయల ఘాటు అని ఏట్టయ్యతో చెప్పాను.

దొర గోడ వెనక నుంచి ఒకసారి లారీని, ఒకసారి మిరపకాయల చాపల్ని చూసి సంతకం పెట్టాడు. కూలికి లారీ తోలవచ్చు అని సర్కారు నన్ను నమ్మింది. సర్కారుకు అంతకంటే పెద్ద తప్పులు చేసిన అలవాటుంది.

సాయంత్రం ఊరు చేరాను. ఇంట్లోకి పోలేదు, కొట్టంలోకి పోయాను. వలపల రాటకు కర్రోడు ఉన్నాడు. దాపల రాటకు తెల్లోడు ఉన్నాడు. ముందు వేసిన చొప్ప వేసినట్టే ఉంది. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

నాయన వెనక నుంచి వచ్చాడు. కాగితం చూపించాను. ఆయనకు చదువు రాదు, అయినా ఇటూ అటూ తిప్పి చూశాడు.

"అమ్మేశావనుకున్నా నాయనా."

"అమ్మేటోడు డబ్బు చేతిలో పడినాక గంటలు విప్పుతాడు గానీ, బేరం కాకముందే విప్పుతాడా, తెలివిమాలినోడా? దళారి మధ్యాన్నమే వచ్చినాడు. పోయి రాప్పా అన్నా."

"నాకు కాగితం రాకముందే అన్నావా?"

నాయన చొప్ప వైపు చెయ్యి చూపించాడు. "గంటలు లేకుండా వీడు పొద్దున్నుంచి మేత ముట్టలేదు. ఎక్కడ పట్టెడ?"

"లారీకే ఉంది. కోవిల్‌పట్టిలో."

"పోయి తే."

లైసెన్సు వచ్చాక నా మొదటి ప్రయాణం గురించి నా మనవలకు నేను చెప్పింది వేరు. లారీకి మామిడాకులు కట్టి, పత్తి బేళ్ళతో విరుదునగరం పేటలోకి పోతే జనం రెండు పక్కలా నిలబడ్డారని. నిజంగా మొదటి ప్రయాణం కాలినడకన జరిగింది. ఎద్దు గంటలు తెచ్చేదానికి.

పట్టెడ కట్టగానే తెల్లోడు ఒకసారి తల విదిలించి, అది మోగుతోందో లేదో చూసుకుని, చొప్ప అందుకున్నాడు.

"ఇంక నీకు గుర్తు అక్కర్లేదు గదరా, కాగితం వచ్చిందిగా?" అన్నాడు నాయన.

"అక్కర్లేదు నాయనా. అంతా చేతికి వచ్చేసింది."

మరుసటి వారం విరుదునగరం సంతలో ఒక మేకగంట కొని లారీకి ఎడమపక్క కట్టుకున్నాను. డ్రైవరన్న నా ఎడమపక్క ఎక్కి కూర్చుని, దాన్ని వేలితో కొట్టి చూసి, "డేయ్, నువ్వు తోలేది లారీనా, మేకనా?" అన్నాడు.

"దాపల మేక, వలపల నేను" అన్నాను తెలుగులో. అతనికి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.